వంత గొంతుకు దక్కిన గౌరవం



తెలుగువాళ్ళం పాట గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ఎక్కువగా ఒక్క గొంతు గురించే మాట్లాడుకుంటాం. ఘంటసాల గాంభీర్యం, సుశీల స్వచ్ఛత, జానకి విరుపు, బాలు చిలిపితనం అని ఒక్కొక్కరికీ ఒక్కో గుణం అంటగట్టి మురిసిపోతాం. మన నెల్లూరు సీమలో ఈ మురిపెం కాస్త ఎక్కువగానే ఉందంటే అందులో తప్పులేదు. హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి కొడుకు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం దేశమంతా వినిపించిన గొంతు కదా! హరికథ కూడా ఒక్కరి కళే. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, ఒక్క మనిషే అన్ని పాత్రలూ అయి సభను నిలబెట్టాలి. ఒక్క గొంతును ఎలా వినాలో, ఎలా కొలవాలో మనకు బాగా తెలుసు. కానీ పదిమంది కలిసి పాడినప్పుడు ఏం వినాలి? ఆ కలయికలో అందం ఎక్కడుంది? దాన్ని మెచ్చుకోవడానికి మన దగ్గర మాటలు తక్కువ. ఈ ప్రసంగంలో ఆ లోటు గురించీ, ఆ లోటును గుర్తుచేసిన ఒక తెలుగు బృందం గురించీ మాట్లాడతాను. ఆ బృందం పేరు చౌరస్తా.

చౌరస్తా హైదరాబాదులో పుట్టిన స్వతంత్ర సంగీత బృందం. స్వతంత్ర బృందం అంటే సినిమా కోసం కాకుండా తమ పాటను తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, తామే పాడుకుని, నేరుగా జనం ముందు పెట్టే జట్టు. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల ఈ జట్టులో బాగా తెలిసిన పేర్లు. పల్లె పదాన్నీ, పల్లె పాట నడకనూ తీసుకుని గిటారు మీద, డ్రమ్ముల మీద, ముఖ్యంగా జమైకా దేశపు రెగే తాళం మీద నడిపించడం వీళ్ళ పద్ధతి. గత దశాబ్దం చివర్లో వచ్చిన ‘ఊరెళ్ళిపోతా మామా’ అనే పాటతో తెలుగునాట ఇంటింటికీ తెలిశారు. 2020 మార్చిలో కరోనా కమ్ముకొచ్చినప్పుడు చేయీ చేయీ కలపొద్దని చేతులెత్తి మొక్కుతూ పాడిన పాట కూడా వీళ్ళదే. వీళ్ళను మెచ్చుకునేవాళ్ళలో చాలామంది జానపదాన్ని గిటారుతో కలిపి కొత్తదనం తెచ్చారని అంటారు. ఆ మెప్పు నిజమే గాని అది పైపైది. గిటారు తెలుగు పాటలోకి ఏనాడో వచ్చింది. పల్లె పదాలు సినిమా పాటల్లో మొదటినుంచీ ఉన్నాయి. నా దృష్టిలో చౌరస్తా చేసిన అసలు పని వేరు. తెలుగు పాటలో వెనక్కి వెళ్ళిపోయిన వంత గొంతును మళ్ళీ ముందువరసలో నిలబెట్టింది. వాళ్ళ హార్మొనీ, అంటే గొంతుల కలయిక, మన వంతపాటకు కొనసాగింపుగా వినిపిస్తుంది. అందుకే అది చెవికి కొత్తగా ఉన్నా మనసుకు పరాయిగా ఉండదు.

ముందు ‘ఊరెళ్ళిపోతా మామా’ పాట కట్టుబడి చూద్దాం. బతుకుతెరువు కోసం నగరానికి వచ్చినవాడు ఎర్రబస్సెక్కి తిరిగి ఊరెళ్ళిపోతానంటాడు. ఎవరితో అంటాడు? మామతో. ఆ ఒక్క పిలుపులో పాట స్వరూపమంతా ఉంది. మామా అని పిలిచాక పలికేవాడు ఒకడు ఉండాలి. వినేవాడు, ఊఁ కొట్టేవాడు, అడిగేవాడు లేకపోతే ఆ పిలుపుకు అర్థం లేదు. ఇదే సంగతిని సినిమా కోసం రాసి ఉంటే, రైలు కిటికీ పక్కన కూర్చున్న కథానాయకుడు తన దుఃఖాన్ని తనలో తాను పాడుకునే పాట అయ్యేది. ఇక్కడ అలా కాలేదు. ఒక గొంతు సంగతి ఎత్తుకుంటుంది, పల్లవి దగ్గరికి వచ్చేసరికి జట్టు అందుకుంటుంది. అందుకున్న క్షణంలో ‘నేను’ అన్నది ‘మేము’ అవుతుంది. ఊరు వదిలొచ్చినవాడు ఒక్కడు కాడనీ, పక్కన నిలబడి పాడుతున్నవాళ్ళందరికీ ఒక్కో ఊరు ఉందనీ వినేవాడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఈ అర్థం సాహిత్యంలో లేదు. రాసుకుని చదివితే అది ఒక మనిషి గోడే. గొంతులు కలిసినప్పుడు మాత్రమే అది వలస వచ్చిన జనం గోడు అవుతుంది. హార్మొనీని అలంకారంగా వాడటానికీ, అర్థం కోసం వాడటానికీ మధ్య తేడా ఇదే.

మన జానపద కళల్లో వంతకు ఉన్న పని కూడా సరిగ్గా ఇదే. బుర్రకథ తీసుకోండి. మధ్యలో కథకుడు, భుజాన తంబూర, బొటనవేలికి అందె. రెండు పక్కలా గుమ్మెటలు పట్టుకున్న వంతలు. ఒక వంత హాస్యం చూసుకుంటే, ఇంకొక వంత రాజకీయం చూసుకుంటాడు. కథకుడు చరణం పాడి వదిలితే ఇద్దరూ తందాన అని అందుకుంటారు. అతను ఊపిరి తీసుకునే చోట వాళ్ళు సై అంటారు, అవునా అంటారు, ఒక్కోసారి ఎదురు ప్రశ్న వేస్తారు. పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ బుర్రకథను కొత్త ఎత్తులకు తీసుకెళ్ళినప్పుడు కూడా వంతలను తీసేసి తానొక్కడే నిలబడలేదు. 1943లో మొదలైన ఆంధ్ర ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూరా తిప్పిందంటే కారణం కథకుడి నేర్పు ఒక్కటే కాదు. అడిగేవాడూ జవాబు చెప్పేవాడూ ఒకే వేదిక మీద ఉండటంవల్ల కింద కూర్చున్న జనం తామూ ఆ సంభాషణలో ఉన్నట్టు భావించారు. ఒగ్గుకథలో అంతే, జముకుల కథలో అంతే. చెక్కభజనలో గురువు ఒక అడుగు వేసి పాట ఎత్తుకుంటే, వరస కట్టినవాళ్ళు చెక్కలు మోగిస్తూ అదే పాటను తిరిగి ఇస్తారు. పెన్న కింద మాగాణుల్లో నాట్లు వేసే ఆడవాళ్ళ పాటలోనూ ఒకామె ఎత్తుకోవడం, మిగతావాళ్ళు అందుకోవడం ఉంది. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో పుస్తకంగా వచ్చినప్పటినుంచి మన పండితులు జానపద గేయాల మాటలను శ్రద్ధగా సేకరించారు. కాగితం మీదికి మాట ఎక్కినంత తేలిగ్గా వంత ఎక్కదు. అందుకే పుస్తకాల్లో పాట ఉంది, పాడిన జట్టు చాలావరకు లేదు.

ఇప్పుడు గొంతుల కలయిక ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. మన సంప్రదాయ సంగీతం ఒకే వరసలో నడుస్తుంది. పదిమంది పాడినా పదిమందీ ఒకే స్వరం మీద ఉండాలి. పాశ్చాత్య హార్మొనీలో ఒకే మాటను ఒకరు షడ్జమం దగ్గర, ఒకరు గాంధారం దగ్గర, మరొకరు పంచమం దగ్గర పట్టుకుని ఒకేసారి పలుకుతారు. ఆ మూడూ కలిసి మోగితే ఏ ఒక్కరి గొంతులోనూ లేని నిండుదనం వస్తుంది. అయితే దీనికి ఒక ధర ఉంది. పక్క గొంతుతో అతికినట్టు నిలవాలంటే స్వరం కదలకుండా తిన్నగా ఉండాలి. గమకం, విరుపు, జీర, ఊగులాట, ఇవన్నీ వదులుకోవాలి. మన పాటకు ప్రాణం మాత్రం వాటిలోనే ఉంది. మన భాషల్లో హార్మొనీ ప్రయత్నించిన చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు. అందరి స్వరాలనూ తిన్నగా నిలబెట్టేసరికి పాట బడి ప్రార్థనలా బిగుసుకుపోయింది. చౌరస్తా పాటల్లో ఈ చిక్కు విడిపోయిన తీరు చూడండి. ముందు పాడే గొంతుకు పూర్తి స్వేచ్ఛ ఉంది. అది జారుతుంది, విరుస్తుంది, మాట చివర్లో ఊరి యాసతో ఒక ఊపు తీసుకుంటుంది. వెనక జట్టు మాత్రం తిన్నగా నిలుస్తుంది. కదిలేది ఒకటి, నిలిచేది ఇంకొకటి. బుర్రకథలోనూ కథకుడు ఎన్ని పోకడలు పోయినా వంతల తందాన ఒకే తీరుగా ఉంటుంది. ఆ స్థిరత్వం ఉంది గనకే అతను అంత దూరం పోయి మళ్ళీ పల్లవిలోకి రాగలడు. ఈ బృందం హార్మొనీని ఏ పుస్తకం చూసి నేర్చుకున్నా, దాన్ని పాటలో ఎక్కడ పెట్టాలన్నది మాత్రం వంత చెప్పినట్టే పెట్టింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. మామా, పోతా, రా, లే. ఇంగ్లీషులో హల్లుతో ముగిసే మాటలు ఎక్కువ కాబట్టి, అక్కడి క్వయర్లలో ఆ చివరి హల్లును అందరూ ఒకే క్షణంలో పలికేలా ప్రత్యేకంగా సాధన చేయాలి. తెలుగులో పాదం చివర అచ్చును ఎంతసేపైనా సాగదీయవచ్చు. ఆ సాగదీసిన అచ్చు మీద ఒక గొంతు కింద నిలబడి, ఒకటి మధ్యలో నిలబడి, ఒకటి పైకెక్కి కూర్చోవచ్చు. గొంతులు కలిసి నిలవడానికి మన భాషలో సహజంగానే చోటు ఉందన్నమాట. చౌరస్తా లాంటి బృందాల పాటల్లో గొంతులు ఎక్కువగా కలిసేది ఈ పాదాంతాల దగ్గరే. అక్కడ భాషకు బలవంతం లేదు. మాట నలగదు, యాస చెడదు, అర్థం మరుగున పడదు. విన్నవాడు ఒక్కసారికే పాట నోటికి తెచ్చుకుంటున్నాడంటే అందులో ఈ సౌలభ్యం పాలు చాలా ఉంది.

ఇక వచ్చే మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. గిటారు మనది కాదు, రెగే మనది కాదు, హార్మొనీ మనది కాదు, ఇందులో జానపదం ఏముందంటారు. ఈ అభ్యంతరం మన దగ్గర మాత్రమే పుట్టలేదు. 1965లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని వేదిక ఎక్కినప్పుడు సభలో కొందరు గోలచేసి నిరసన తెలిపారు. అదే సంవత్సరం బర్డ్స్ అనే బృందం డిలన్ పాటనే మూడు గొంతుల కలయికతో పాడితే అమెరికా అంతా విన్నది. జానపద రాక్ అన్న మాట ఆ రోజుల్లోనే వాడుకలోకి వచ్చింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ మన రేడియోనే. గమకాలు పలకదని, మన స్వరాలకు సరిపోదని 1940లో ఆకాశవాణి హార్మోనియంను నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పై ఏళ్ళలోనూ మన పద్యనాటకాల వేదికల మీద, రామమందిరాల్లో, భజన గుడుల్లో హార్మోనియం మోగుతూనే ఉంది. పరాయిదని పెద్దలు తేల్చిన వాయిద్యాన్ని జనం తమదిగా చేసుకున్నారు. అంతకుముందు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఈనాడు వయొలిన్ లేని కచేరీని ఊహించలేం. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు పలికించారు. వాయిద్యం ఎక్కడినుంచి వచ్చిందన్నది పాట విలువను తేల్చదు. వచ్చాక అది ఏం పలికిందన్నదే తేలుస్తుంది.

హార్మొనీ విషయంలో నెల్లూరువాళ్ళం మరీ అమాయకంగా మాట్లాడలేం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరుకు వచ్చి తెలుగు మిషన్ కేంద్రం పెట్టాడు. తర్వాత లోన్‌స్టార్ మిషన్ అని పేరుపడింది ఇదే. అప్పటినుంచి ఈ జిల్లా చర్చీల్లో పాశ్చాత్య బాణీల కీర్తనలూ, పురుషోత్తమ చౌదరిలాంటి తెలుగు కవులు మన రాగాల్లో కట్టిన కీర్తనలూ పక్కపక్కనే వినిపిస్తున్నాయి. క్వయరులో కలిసి పాడటం అలవాటైన కుటుంబాలు మన ఊళ్ళలో తరతరాలుగా ఉన్నాయి. రెగే సంగతికొస్తే, దాని పుట్టుక కూడా ఒక్క గొంతుది కాదు. బాబ్ మార్లే, పీటర్ టాష్, బన్నీ వేలర్ ముగ్గురూ కింగ్‌స్టన్ పేదల వాడలో గొంతులు కలిపి పాడే జట్టుగానే మొదలయ్యారు. ఆ తర్వాత మార్లే వెనక ముగ్గురు స్త్రీలు ఐ-త్రీస్ పేరుతో వంత నిలబెట్టారు. రెగే తాళంలో దెబ్బ పడేచోట గిటారు ఊరుకుంటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలో మోగుతుంది. ఒకరు మాట్లాడిన సందులో ఇంకొకరు ఊఁ కొట్టే నడక అది. శ్రమజీవుల జట్టుపాటలోనుంచి వచ్చిన తాళం, మన శ్రమజీవుల జట్టుపాటతో పొత్తు కలవడం ఆశ్చర్యమేమీ కాదు. చౌరస్తావాళ్ళు రెగేను ఎంచుకోవడంలో ఫ్యాషను కంటే చెవి పనిచేసిందని నేను నమ్మడానికి కారణం ఇదే.

రెండో అభ్యంతరం సంగీతం బాగా తెలిసినవాళ్ళది. ఈ హార్మొనీ చాలా సరళంగా ఉందనీ, రెండు మూడు స్వరాల కలయికకు ఇంత పొగడ్త ఎందుకనీ అంటారు. నిజమే, ఇది సరళమే. సలీల్ చౌధురి బొంబాయి యూత్ క్వయర్‌కు, ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసు యూత్ క్వయర్‌కు కట్టిన బృందగానాలతో పోలిస్తే చాలా చిన్న కట్టడం. కానీ సరళత ఈ పాట అవసరం. విన్నవాళ్ళు కలిసి పాడలేని పల్లవి వంతపాటకు పనికిరాదు. సంగీతం నేర్చినవాడు మాత్రమే అందుకోగల కట్టడమైతే సభ ప్రేక్షకసభగానే మిగిలిపోతుంది. చౌరస్తా పల్లవిలో కింది గొంతు తెలిసినవాడు కింద, పైగొంతు దొరికినవాడు పైన, ఏదీ తెలియనివాడు మధ్యలో ఉన్న అసలు బాణీ మీద పాడుకోవచ్చు. ప్రతివాడికీ చోటుంది. అలాగని వీళ్ళ పాటల్లో లోపాలు లేవని నేను అనను. రికార్డింగులో గొంతులను మరీ నున్నగా చెక్కడంవల్ల అక్కడక్కడ మనిషి జీర పోతుంది. తాళం ఒకసారి కుదిరాక పాట చివరిదాకా మారకుండా అదే తీరుగా నడుస్తుంది. బుర్రకథలో యుద్ధఘట్టం రాగానే గుమ్మెటలు నడక మార్చినట్టు, వీళ్ళ పాటలోనూ భావం మారినప్పుడు నడక మారితే ఇంకా బాగుండేది. ఈ లోపాలు దిద్దుకోగలిగినవే. పాట కట్టుబడిలో ఉన్న న్యాయాన్ని ఇవి చెడగొట్టవు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. పల్లెలో పాడేవాడు పల్లెలోనే ఉండిపోయాడు, అతని యాసను, అతని దరువును నగరం కుర్రాళ్ళు తొడుక్కుని పేరు తెచ్చుకున్నారని కొందరు అంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. డప్పు, కిన్నెర, ఒగ్గు, జముకు వంటి వాయిద్యాలను తరతరాలుగా కాపాడిన కులాలవాళ్ళు అవమానం తప్ప పెద్దగా ఏమీ పొందలేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గొంతు 2021లో ‘భీమ్లా నాయక్’ పాటలో వినిపించింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన బతుకుతెరువు కష్టాల గురించి పత్రికలు రాశాయి. వెలుగు పడినంత మాత్రాన బతుకు గడవదు. కాబట్టి ఏ బృందాన్ని మెచ్చుకున్నా రెండు ప్రశ్నలు అడగాలి. పాత పాటను ఎవరి దగ్గరినుంచి తీసుకున్నారో వాళ్ళ పేరు చెప్పారా, వాళ్ళకు రావలసినది ఇచ్చారా? చౌరస్తాకు పేరు తెచ్చిన పాటలు వీళ్ళు కొత్తగా కట్టుకున్నవి. ఎవరి నోటినుంచో ఎత్తుకొచ్చి తమ పేరు వేసుకున్న పాటలు కావు. వాళ్ళు తీసుకున్నది ఒక పద్ధతిని. పద్ధతి అందరిదీ. వాళ్ళు పాడింది కూడా నగరానికి వలస వచ్చినవాడి గురించి, అంటే ఈనాటి తమ చుట్టూ ఉన్న మనిషి గురించి. పల్లెను బొమ్మల కొలువులా పెట్టి చూపించలేదు. అయినా ఈ తరహా బృందాలన్నీ ఇంకొక అడుగు వేయవలసి ఉంది. పల్లె కళాకారుణ్ణి పాట మొదట్లో అర నిమిషం చూపించడం చాలదు. వేదిక మీద సమానంగా నిలబెట్టాలి, సమానంగా డబ్బు పంచాలి.

నాలుగో అభ్యంతరం, ఇదంతా ఎంతకాలం నిలుస్తుందని. రామ్ మిరియాల సినిమాల వైపు వెళ్ళారు. ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట, ‘డీజే టిల్లు’ పేరుపాట ఆయనకు పెద్ద పేరు తెచ్చాయి. ‘బలగం’లో మంగ్లీతో కలిసి పాడిన పల్లె పాటకు సాహిత్యం రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. స్వతంత్ర బృందం సినిమాకు మెట్టుగానే పనికొచ్చిందని కొందరు ఎత్తిపొడుస్తారు. గాయకుడు తన ప్రతిభకు తగిన చోటుకు వెళ్ళడాన్ని నేను తప్పుపట్టను. ఆ సినిమా పాటల్లోనూ ఆయన గొంతులోని పల్లె విరుపు చెక్కుచెదరలేదు. కానీ ఈ ప్రయాణమే నా వాదానికి ఒక రుజువు. సినిమా ఆ బృందంలోనుంచి ముందు గొంతును తీసుకోగలిగింది, వంతను తీసుకోలేకపోయింది. ఎందుకంటే ఈనాటి సినిమా పాట తయారయ్యే తీరులో వంతకు చోటు లేదు. గాయకుడు ఒక రోజు వచ్చి పాడిపోతాడు, కోరస్ మరో రోజు పాడుతుంది, తర్వాత కంప్యూటరులో అతికిస్తారు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని, ఒకరి ఊపిరిని ఒకరు పట్టుకుని పాడే అవకాశమే ఉండదు. కోరస్ పాడినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. బృందంలో అయితే వెనక పాడేవాడికీ ఒక పేరు ఉంది, ఒక వాయిద్యం ఉంది, పాట కట్టడంలో ఒక పాలు ఉంది. ఆ పాలు వినపడుతుంది కూడా. అద్దెకు వచ్చిన కోరస్ పాడితే వినిపించేది హంగు. పాటలో పాలున్నవాడు పాడితే వినిపించేది నమ్మకం.

ఇతర రాష్ట్రాలవాళ్ళు ఈ సంగతిని మనకంటే ముందే గ్రహించారు. ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్, 2000లో ‘కందీస’ ఆల్బమ్‌తో బృందంగా దేశమంతా పేరు తెచ్చుకుంది. బెంగుళూరులో రఘు దీక్షిత్ ప్రాజెక్టు శిశునాళ షరీఫు తత్వాలను కన్నడ కుర్రకారు నోట పలికించింది. కేరళలో అవియల్ బృందం 2008లో మలయాళంలో రాక్ పాటల ఆల్బమ్ తెచ్చింది. అక్కడ అలాంటి బృందాలకు వేదికలు దొరికాయి, వాటి గురించి రాసే విమర్శకులు దొరికారు. తెలుగులో సంగీత విమర్శ అంటే శాస్త్రీయ కచేరీ సమీక్ష, లేకపోతే సినిమా పాటల ముచ్చట. ఈ రెండింటికీ మధ్య ఉన్న చౌరస్తాను నిలబెట్టి, ఇదీ ఇందులో బాగున్నది, ఇదీ బాగాలేనిది అని చెప్పేవాళ్ళు తక్కువ. మెచ్చుకోలు అంటే చప్పట్లే కాదు. ఎందుకు బాగుందో వివరించి చెప్పగలగాలి. అలా చెప్పగలిగితేనే రాబోయే బృందం దాన్ని పట్టుకుని ఇంకాస్త ముందుకు పోతుంది.

ఇది నెల్లూరు జిల్లాలోని మన వెంకటాచలానికి ఎందుకు సంబంధించిన విషయమో చెప్పి ముగిస్తాను. పదహారో నంబరు జాతీయ రహదారి మన మీదుగానే మద్రాసుకు పోతుంది. కృష్ణపట్నం రేవుకు పోయే రైలు మార్గం మన స్టేషను దగ్గరే చీలుతుంది. చదువుకో, కూలికో, ఉద్యోగానికో ఊరు విడిచిపోయే జనాన్ని రోజూ చూసే ప్రాంతం ఇది. ఊరెళ్ళిపోతానని పాడుకోవలసిన మనుషులు ఇక్కడినుంచే బయల్దేరుతున్నారు. మరి వాళ్ళ పాట నెల్లూరు యాసలో ఎందుకు రాకూడదు? జట్టుపాటకు ఎంత బలం ఉందో ఈ జిల్లాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1990 తర్వాత అక్షరదీపం ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగి పాడాయి. దూబగుంట ఆడవాళ్ళు కదిలి సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చిందంటే, గొంతు కలిపిన ఆడవాళ్ళ పట్టుదలవల్లే వచ్చింది. పులికాటు ఒడ్డున వల లాగే పట్టపువాళ్ళకు, యానాదులకు, మాగాణుల్లో నాట్లు వేసేవాళ్ళకు ఇంకా పాటలున్నాయి.

మన మండలంలోనే కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరునుంచి వచ్చి 2020లో వెంకటాచలంలోనే కొలువు తీరింది. ప్రాచీన తెలుగును అధ్యయనం చేసేచోటే జట్టుపాటను కూడా కాపాడవచ్చు. చేయవలసింది కష్టమైన పని కాదు. పాడేవాళ్ళను ఒక్కొక్కరిగా కాకుండా జట్టుగా కూర్చోబెట్టి, ఎత్తుకునే గొంతునూ అందుకునే గొంతులనూ విడివిడిగా వినపడేలా రికార్డు చేయాలి. పాడినవాళ్ళందరి పేర్లూ రాసి ఉంచాలి, వాళ్ళకు ప్రతిఫలం ఇవ్వాలి. గిటారు పట్టుకున్న కాలేజీ పిల్లలను ఆ జట్టుల దగ్గరికి పంపాలి. వాళ్ళు నేర్చుకోవలసింది బాణీ ఒక్కటే కాదు, ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఊరుకోవాలో నేర్చుకోవాలి. కళాశాల వార్షికోత్సవంలో సినిమా పాటలకు ఇచ్చే గంటలో పావుగంట ఇలాంటి బృందానికి ఇచ్చినా ఒక మొదలు పడుతుంది. చౌరస్తా పాటలు ఎంతకాలం నిలుస్తాయో కాలం చూసుకుంటుంది. కలిసి పాడటానికి తెలుగు పాటలో ఇంకా చోటుందనీ, ఆ చోట నిలబడితే ఈ తరం వింటుందనీ మాత్రం ఆ బృందం రుజువు చేసింది. ఆ చోటును మన మాటతో, మన యాసతో నింపే బాధ్యత ఇప్పుడు మనది.